కెర్నల్ బిల్డ్ కాన్ఫిగరేషన్‌ను యూజర్ ప్రోగ్రామ్‌లకు చదవనివ్వడం: ఐకేకాన్ఫిగ్ పెట్టాలా, వద్దా?

ప్రశ్న: వాగువంక

నమస్కారం. మేము ఆర్మ్ 64 బోర్డు మీద నడిచే ఒక గేట్‌వే పరికరం కోసం లినక్స్ 6.1 ఎల్‌టీఎస్ (దీర్ఘకాలిక మద్దతు ఉన్న) కెర్నల్‌ను యోక్టో అనే బిల్డ్ సాధనంతో సొంతంగా బిల్డ్ చేసుకుంటున్నాము. ఆ పరికరంలో నడిచే ఏజెంట్ ప్రోగ్రామే కొద్దిపాటి మార్పులతో ఖాతాదారుల సర్వర్ల మీద కూడా నడవాలి. అక్కడ ఉబుంటు ఉండవచ్చు, రెడ్ హ్యాట్ ఉండవచ్చు, కంటైనర్ లోపలే నడపాలని పట్టుబట్టేవారూ ఉన్నారు. ఏజెంట్ తన కింది ప్రాసెస్‌లను యూజర్ నేమ్‌స్పేస్‌లో (తనదైన యూజర్ ఐడీలు ఉండే వేరు పరిధిలో) పెడుతుంది, ల్యాండ్‌లాక్‌తో వాటికి అందే ఫైళ్ల పరిధిని కుదిస్తుంది, బీపీఎఫ్ (కెర్నల్ లోపల చిన్న ప్రోగ్రామ్‌లు నడిపే సౌకర్యం) ద్వారా నెట్‌వర్క్ లెక్కలు తీసుకుంటుంది. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఫలానాది లేదని స్పష్టంగా చెప్పి ఆగిపోవాలన్నది మా ఉద్దేశం.

ప్రస్తుతం ఇన్‌స్టాలర్ స్క్రిప్టు నడుస్తున్న కెర్నల్ పేరు తెలుసుకుని, బూట్ డైరెక్టరీలో అదే పేరుతో ఉన్న కాన్ఫిగ్ ఫైలులో కావలసిన ఆప్షన్ల పేర్లను గ్రెప్ ఆదేశంతో వెతుకుతుంది. మామూలు సర్వర్లలో ఇది పని చేస్తోంది. కంటైనర్‌లో ఆ ఫైలే కనిపించదు. మా పరికరంలో అసలు ఆ ఫైలును మేమే పెట్టలేదు. అందువల్ల కెర్నల్‌లో ఐకేకాన్ఫిగ్, ఐకేకాన్ఫిగ్_ప్రాక్ అనే రెండు ఆప్షన్లనూ ఆన్ చేసి కెర్నల్ తన సమాచారాన్ని ఫైళ్లుగా చూపే ప్రాక్ డైరెక్టరీలోని /ప్రాక్/కాన్ఫిగ్.జీజెడ్ ద్వారా చదివించుకుందామని మా బృందంలో ఒకరు ప్రతిపాదించారు. భద్రతా సమీక్ష చేసేవారు మాత్రం, కెర్నల్‌ను ఎలా బిల్డ్ చేశామో సాధారణ యూజర్ ఎవరైనా చదువుకోగలిగే ఏర్పాటుకు ఒప్పుకోమంటున్నారు.

ఆప్షన్ పెట్టడం వల్ల నిజంగా ఎంత ప్రమాదం ఉంది? పెట్టకపోతే ప్రోగ్రామ్‌కు ఈ సమాచారం చేరడానికి ఇంకే దారి ఉంది? ఇంకొక చిన్న విషయం: ప్రాసెస్‌లు వాడిన సీపీయూ సమయాన్ని సెకన్లలోకి మార్చడానికి కాన్ఫిగ్_హెచ్‌జెడ్ (కెర్నల్ గడియారం సెకనుకు ఎన్ని టిక్కులు వేస్తుందో చెప్పే సంఖ్య) విలువను కూడా మేము అదే ఫైలు నుంచి తీసుకుంటున్నాము. అది కూడా దొరకకపోతే ఏం చేయాలో తెలియడం లేదు.

జవాబు: పినాకిని_ఒడ్డు

ముందుగా ఈ ఆప్షన్లు ఏం చేస్తాయో చెబుతాను, తర్వాత చర్చ సులువవుతుంది. ఐకేకాన్ఫిగ్ ఆన్ చేస్తే, బిల్డ్ సమయంలో వాడిన డాట్ కాన్ఫిగ్ ఫైలు మొత్తం జీజిప్‌తో కుదించబడి కెర్నల్ ఇమేజ్ లోపల ఒక డేటాగా చేరిపోతుంది. దాని మొదట్లో ఐకేసీఎఫ్‌జీ_ఎస్‌టీ అనీ, చివర ఐకేసీఎఫ్‌జీ_ఈడీ అనీ గుర్తులు ఉంటాయి. కెర్నల్ సోర్సుతో వచ్చే ఎక్స్‌ట్రాక్ట్-ఐకేకాన్ఫిగ్ స్క్రిప్టు, నడుస్తున్న కెర్నల్‌తో నిమిత్తం లేకుండా కేవలం ఇమేజ్ ఫైలును తీసుకుని, అవసరమైతే దాన్ని విప్పి, ఆ మొదటి గుర్తును వెతికి కాన్ఫిగ్‌ను బయటికి తీస్తుంది. ఐకేకాన్ఫిగ్_ప్రాక్ అనేది రెండో మెట్టు మాత్రమే. ఇమేజ్‌లో ఉన్న ఆ డేటానే ప్రాక్‌లో ఒక ఫైలుగా చూపిస్తుంది. కాబట్టి మీ ముందున్నవి రెండు కావు, మూడు ఎంపికలు: ఏదీ వద్దు, మొదటిది మాత్రమే, రెండూ. మొదటిది మాత్రమే పెట్టుకుంటే, పరికరంలో సాధారణ ప్రోగ్రామ్‌లకు ప్రాక్‌లో ఏమీ కనిపించదు, కానీ ఫీల్డ్ నుంచి ఇమేజ్ తెచ్చుకున్న ఇంజనీరు అది ఏ కాన్ఫిగ్‌తో తయారైందో ఖచ్చితంగా తెలుసుకోగలుగుతాడు. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా మొదటిది పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఇమేజ్ పెరిగేది కొన్ని పదుల కిలోబైట్లు. ఫ్లాష్ మరీ ఇరుకుగా ఉంటే తప్ప లెక్కలోకి రాదు.

ఐకేకాన్ఫిగ్‌ను మాడ్యూల్‌గా (తర్వాత విడిగా లోడ్ చేసుకునే భాగంగా) కూడా బిల్డ్ చేయవచ్చు. అప్పుడు కాన్ఫిగ్స్ అనే మాడ్యూల్‌ను లోడ్ చేసేదాకా ప్రాక్‌లో ఆ ఫైలు ఉండదు. కొన్ని సిస్టమ్‌లలో ఫైలు లేదని మనం తేల్చేసిన తర్వాత, మాడ్‌ప్రోబ్ ఆదేశంతో మాడ్యూల్‌ను లోడ్ చేస్తే ప్రత్యక్షం కావడానికి కారణం ఇదే.

మీ కంటైనర్ సమస్య విషయానికి వస్తే, అక్కడ యూనేమ్ ఆదేశం ఇచ్చేది హోస్ట్ కెర్నల్ పేరు, బూట్ డైరెక్టరీ మాత్రం కంటైనర్ ఇమేజ్‌ది. ఆ రెండింటికీ పొత్తు కుదరదు. ప్రాక్‌లోని ఫైలుకు ఈ ఇబ్బంది లేదు. డాకర్ సాధారణంగా మరుగుపరిచే ప్రాక్ ఫైళ్ల జాబితాలో అది లేదు కనుక, హోస్ట్ కెర్నల్‌లో ఆ ఆప్షన్ ఉంటే కంటైనర్ లోపల నుంచి కూడా చదవవచ్చు. అయితే ఖాతాదారు హోస్ట్‌లో ఆ ఆప్షన్ ఉందా లేదా అన్నది మీ చేతిలో లేదు. ఆర్చ్ వంటి డిస్ట్రిబ్యూషన్లు ప్రాక్‌లో చూపిస్తాయి. డెబియన్, ఉబుంటు సంప్రదాయం బూట్ డైరెక్టరీలో మామూలు టెక్స్ట్ ఫైలు పెట్టడం. ఫెడోరా దాన్ని మాడ్యూళ్ల డైరెక్టరీలో కూడా ఉంచుతుంది. డాకర్ వాళ్ల చెక్-కాన్ఫిగ్ స్క్రిప్టు కూడా ఇందుకే ముందు ప్రాక్‌లో, తర్వాత బూట్‌లో, ఆ తర్వాత కెర్నల్ సోర్సు డైరెక్టరీల్లో వరుసగా వెతుకుతుంది.

గ్రెప్ చేసే తీరును కూడా ఒకసారి చూసుకోండి. ఆన్‌లో ఉన్నది =వై (కెర్నల్‌లోనే ఉంటే) అనో =ఎమ్ (మాడ్యూల్ అయితే) అనో కనిపిస్తుంది; ఆఫ్‌లో ఉన్నది వ్యాఖ్య రూపంలో, హ్యాష్ గుర్తుతో మొదలై "ఈజ్ నాట్ సెట్" అని కనిపిస్తుంది. పేరును మాత్రమే వెతికితే ఆఫ్‌లో ఉన్న ఆప్షన్ కూడా దొరికినట్టే అనిపిస్తుంది. పైగా కాన్ఫిగ్_యూఎస్‌బీ కోసం వెతికితే దానితో మొదలయ్యే పేర్లన్నీ వచ్చి పడతాయి. వరుస మొదలు నుంచి సమాన గుర్తు దాకా పూర్తిగా సరిపోల్చాలి. ఇక ఆ పేరే ఎక్కడా కనిపించకపోతే, అది ఆధారపడే మరొక ఆప్షన్ ఆఫ్‌లో ఉందని గానీ, ఈ కెర్నల్ వెర్షన్‌లో ఆ పేరే లేదని గానీ అర్థం. ఈ రెండింటిని ఆ ఫైలు విడదీసి చెప్పలేదు.

జవాబు: నల్లమల_దారి

పై జవాబుతో నాకు పేచీ లేదు, కానీ ప్రశ్న మొదలైన చోటే నాకు అభ్యంతరం ఉంది. కాన్ఫిగ్ ఫైలు ఎంత చక్కగా అందుబాటులోకి తెచ్చినా, మీ ఇన్‌స్టాలర్ అడుగుతున్న ప్రశ్నకు జవాబు అందులో లేదు. అది ఇంటి ప్లాను లాంటిది. గది ఉందని చెబుతుంది, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉందో చెప్పదు.

యూజర్ నేమ్‌స్పేస్‌నే తీసుకోండి. ఉబుంటు 24.04 కెర్నల్‌లో కాన్ఫిగ్_యూజర్_ఎన్‌ఎస్ =వై అనే ఉంటుంది. అయినా, రూట్ కాని యూజర్ అన్‌షేర్ ఆదేశంతో కొత్త యూజర్ నేమ్‌స్పేస్ తెరిచి తనను తాను రూట్‌గా మ్యాప్ చేసుకోబోతే, నేమ్‌స్పేస్ తయారవుతుంది గానీ యూఐడీ_మ్యాప్ ఫైలులో రాయబోయే క్షణంలో ఈపెర్మ్ (అనుమతి లేదన్న ఎర్రర్) వస్తుంది. అక్కడ యాప్‌ఆర్మర్ అనే భద్రతా వ్యవస్థ ఆ ప్రాసెస్‌ను అధికారాలు లేని ప్రొఫైల్‌లోకి నెట్టేస్తుంది. ప్రత్యేకంగా అనుమతించిన ప్రొఫైల్ ఉన్న ప్రోగ్రామ్‌లకు మాత్రమే మినహాయింపు. రెడ్ హ్యాట్ 7లో కథ వేరు: అక్కడ మొత్తం ఎన్ని యూజర్ నేమ్‌స్పేస్‌లు ఉండవచ్చన్న సిస్‌సీటీఎల్ (నడుస్తుండగా మార్చగల కెర్నల్ సెట్టింగు) పరిమితే మొదట సున్నాగా ఉండేది. డెబియన్ తన కెర్నల్‌కు సొంతంగా ఒక మీటను జోడించుకుంది, పాత విడుదలల్లో అది మొదట ఆఫ్‌లో ఉండేది. మూడు చోట్లా కాన్ఫిగ్ ఫైలులో కనిపించే వరుస ఒకటే. మీ స్క్రిప్టు మూడు చోట్లా "అంతా సిద్ధం" అంటుంది, ఏజెంట్ మాత్రం మూడు రకాలుగా పడిపోతుంది.

ఉబుంటు ఉదాహరణలో గమనించవలసింది మరొకటి ఉంది. నేమ్‌స్పేస్ తయారైందా లేదా అన్నంత వరకే పరీక్షిస్తే అక్కడా మోసపోతారు, ఎందుకంటే ఆ మెట్టు విజయవంతంగానే దాటుతుంది. ఏజెంట్ నిజంగా ఏం చేయబోతోందో అక్కడిదాకా, అంటే మ్యాప్ రాయడం, లోపల ఒక టీఎమ్‌పీఎఫ్‌ఎస్ (మెమరీలో ఉండే ఫైల్‌సిస్టమ్) మౌంట్ చేయడం వరకు, పరీక్ష వెళ్లాలి. దీన్ని ఫోర్క్ చేసిన చైల్డ్ ప్రాసెస్‌లో చేసి, ఫలితం ఎగ్జిట్ కోడ్‌గా తెచ్చుకుంటే అసలు ప్రాసెస్ స్థితి చెడదు.

ల్యాండ్‌లాక్ ఈ విషయంలో ఆదర్శంగా రూపొందింది. నిబంధనల సమితిని సృష్టించే సిస్టమ్ కాల్‌కు ఖాళీ పాయింటరు, సున్నా పరిమాణం, వెర్షన్ అడిగే ఫ్లాగ్ ఇచ్చి పిలిస్తే అది ఏబీఐ (ఇంటర్‌ఫేస్ వెర్షన్) సంఖ్యను తిరిగి ఇస్తుంది. 5.13లో 1, 5.19లో 2, 6.2లో 3, టీసీపీ పరిమితులు చేరిన 6.7లో 4. మీ 6.1 కెర్నల్ మీద 2 రావాలి. కెర్నల్‌లో ల్యాండ్‌లాక్ బిల్డ్ కాకపోతే ఈనోసిస్ (అలాంటి కాల్ లేదన్న ఎర్రర్) వస్తుంది. బిల్డ్ అయి ఉండి కూడా బూట్ సమయంలో చేతనం కాకపోతే ఈఆప్‌నాట్‌సప్ (ఈ పనికి మద్దతు లేదన్న ఎర్రర్) వస్తుంది. రెండు వేర్వేరు కారణాలకు రెండు వేర్వేరు జవాబులు. ఇది మీకు మరీ ముఖ్యం, ఎందుకంటే సొంతంగా కాన్ఫిగ్ కూర్చుకునేవారు కాన్ఫిగ్_సెక్యూరిటీ_ల్యాండ్‌లాక్ ఆన్ చేసి, కాన్ఫిగ్_ఎల్‌ఎస్‌ఎమ్ అనే స్ట్రింగ్‌లో (చేతనం చేయవలసిన భద్రతా మాడ్యూళ్ల జాబితాలో) ల్యాండ్‌లాక్ పేరు చేర్చడం మరిచిపోతుంటారు. అప్పుడు కాన్ఫిగ్‌లో =వై ఉంటుంది, పరికరంలో ల్యాండ్‌లాక్ ఉండదు. కాన్ఫిగ్_ఎల్‌ఎస్‌ఎమ్ సరిగా ఉన్నా, బూట్ లైనులో ఎల్‌ఎస్‌ఎమ్= అని వేరే జాబితా ఇస్తే దానిదే పైచేయి. ఏది చేతనమైందో సెక్యూరిటీఎఫ్‌ఎస్‌లోని ఎల్‌ఎస్‌ఎమ్ ఫైలు చూస్తే తెలుస్తుంది.

మాడ్యూళ్ల సంగతి ఇంకా ఇబ్బందికరం. =ఎమ్ అంటే ఆ మాడ్యూల్ ఎప్పుడో ఎక్కడో బిల్డ్ అయిందని మాత్రమే. ఉబుంటు కొన్ని మాడ్యూళ్లను లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా అనే వేరే ప్యాకేజీలో ఇస్తుంది. క్లౌడ్ ఇమేజ్‌లలో అది చాలాసార్లు ఉండదు. ఉన్నా, మాడ్‌ప్రోబ్ నిషేధ జాబితాలో ఎవరైనా చేర్చి ఉండవచ్చు.

చివరగా, కాన్ఫిగ్ పేర్లు కెర్నల్ మీకు ఇచ్చిన హామీ కావు. సిస్టమ్ కాల్‌లు, ప్రాక్, సిస్ ఫైళ్ల విషయంలో యూజర్ ప్రోగ్రామ్‌లను విరగగొట్టకూడదన్న నియమాన్ని లినస్ టోర్వాల్డ్స్ ఎంత గట్టిగా అమలు చేస్తారో అందరికీ తెలిసిందే. ఆ రక్షణ కాన్ఫిగ్ పేర్లకు వర్తించదు. పేజ్ టేబుల్ ఐసొలేషన్ ఆప్షన్ పేరు ముందు 6.9లో మిటిగేషన్ అన్న మాట వచ్చి చేరింది. కాన్ఫిగ్_ఎన్‌ఎఫ్_న్యాట్_ఐపీవీ4 అన్న ఆప్షన్ 5.1 దగ్గర అంతర్ధానమైంది, న్యాట్ మాత్రం నిక్షేపంగా పని చేస్తూనే ఉంది. డాకర్ స్క్రిప్టు ఆ ఒక్క దాని కోసం కెర్నల్ వెర్షన్‌ను పోల్చి చూసే మినహాయింపు రాసుకోవలసి వచ్చింది. పోనీ వెర్షన్ సంఖ్యనే నమ్ముదామంటే, రెడ్ హ్యాట్ 8 కెర్నల్ తనను 4.18 అనే చెప్పుకుంటుంది, ఆ తర్వాతి కెర్నళ్ల నుంచి వెనక్కి తెచ్చిన బీపీఎఫ్ సౌకర్యాలు అందులో ఎన్నో ఉంటాయి.

జవాబు: కోట_బురుజు

భద్రతా సమీక్షలు చేసే పనిలోనే ఉన్నాను కాబట్టి అవతలి వైపు నుంచి మాట్లాడతాను. ప్రాక్‌లోని ఆ ఫైలు అనుమతులు 0444. అంటే పరికరంలో ఏ ప్రాసెస్ అయినా, ఏ అధికారమూ లేకుండా చదవగలదు. డిస్ట్రిబ్యూషన్ కెర్నల్ విషయంలో దీనివల్ల కొత్తగా బయటపడేది ఏమీ లేదు. అదే ప్యాకేజీని ఎవరైనా దించుకుని అదే కాన్ఫిగ్‌ను చదువుకోవచ్చు. మీలాగా సొంతంగా బిల్డ్ చేసేవారి విషయంలోనే ప్రశ్న వస్తుంది. పరికరంలో ఒక చిన్న ప్రోగ్రామ్‌ను లొంగదీసుకున్నవాడికి, ఏ రక్షణలు ఆఫ్‌లో ఉన్నాయో, ఏ అరుదైన నెట్‌వర్క్ ప్రొటోకాల్ కోడ్ ఆన్‌లో ఉందో ఒక్క చదువుతో తెలిసిపోతుంది. ఒక్కొక్కటీ పరీక్షించి చూసినా తెలుస్తుంది గానీ, అలా పరీక్షించేవాడు లాగుల్లో చప్పుడు చేస్తాడు, ఫైలు చదివినవాడు చేయడు. అంతకు మించి ఈ ప్రమాదాన్ని పెద్దది చేసి చూపడం సరికాదు. కెర్నల్ చిరునామాలు కాన్ఫిగ్‌లో ఉండవు. వాటిని కాపాడేది కేప్టర్_రెస్ట్రిక్ట్ వంటి వేరే ఏర్పాట్లు. మీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఫైలు ఎన్‌క్రిప్ట్ కాకుండా వెబ్‌సైట్‌లో దొరుకుతుంటే, ప్రాక్‌లో దాచి ప్రయోజనం కూడా స్వల్పమే.

నేను నిజంగా భయపడేది ఆప్షన్ల పేర్లకు కాదు, వాటిలో కొన్నింటికి ఇచ్చే స్ట్రింగ్ విలువలకు. కాన్ఫిగ్_సీఎమ్‌డీలైన్‌లో కెర్నల్ బూట్ లైను యథాతథంగా ఉంటుంది. తయారీ దశలో పరీక్షల కోసం అందులో సర్వర్ చిరునామాలో, అంతకంటే రహస్యమైనవో రాసి వదిలేసినవారు ఉంటారు. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ సోర్స్ విలువలో బిల్డ్ చేసిన యంత్రంలోని డైరెక్టరీ దారి, అందులో ఉద్యోగి లాగిన్ పేరు బయటపడతాయి. మాడ్యూల్ సంతకపు కీ ఆప్షన్‌లో ఫైలు దారికి బదులు పీకేసీఎస్ 11 చిరునామా ఇవ్వవచ్చు. ఆ చిరునామా రూపంలో పిన్‌ను కూడా ఇరికించే వెసులుబాటు ఉంది. పిన్ ఇవ్వడానికి బిల్డ్ వ్యవస్థ వేరే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఇచ్చినా, తొందరలో ఉన్నవాడు చిరునామాలోనే రాసేస్తాడు. ఐకేకాన్ఫిగ్ పెట్టే ముందు ఒక్కసారి డాట్ కాన్ఫిగ్‌లో కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న విలువలన్నీ కళ్లతో చదవండి. అవి పెద్దగా ఉండవు, పావుగంట పని.

రెండూ ఆన్ చేసి కూడా సాధారణ యూజర్లకు అందకుండా చేయవచ్చు. ప్రాక్‌లోని ఇటువంటి ఫైళ్ల మీద రూట్ చేసే సీహెచ్‌మోడ్ పని చేస్తుంది, మళ్లీ బూట్ అయ్యేదాకా నిలుస్తుంది. బూట్ మొదట్లోనే 0400 చేసే ఒక వరుసను సిస్టమ్‌డీ టీఎమ్‌పీఫైల్స్‌లో చేర్చుకుంటే చాలు. మీ సమీక్షకులు దీనికి ఒప్పుకోవచ్చు.

నల్లమల_దారి గారి పరీక్షించి చూసే పద్ధతికి ఒక సవరణ. పరీక్ష ఎప్పుడూ నిరపాయకరం కాదు. సాకెట్ ఫ్యామిలీ ఉందో లేదో చూడటానికి సాకెట్ తెరిస్తే, అది మాడ్యూల్‌గా ఉన్నట్టయితే కెర్నల్ దాన్ని తనంతట తానే లోడ్ చేసుకుంటుంది. అంతవరకు నిద్రాణంగా ఉన్న కోడ్‌ను మీ ఇన్‌స్టాలర్ లేపినట్టవుతుంది. వాడబోయే సౌకర్యాలను మాత్రమే పరీక్షించండి, సరదాకు జాబితా తయారు చేయవద్దు. ఇంకా, కంటైనర్‌లో సిస్టమ్ కాల్‌లను అడ్డగించే సెక్‌కాంప్ ఫిల్టర్ అడ్డుపడితే వచ్చే ఎర్రర్ కోడ్‌ను బట్టి కెర్నల్ గురించి తీర్పు చెప్పకూడదు. సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2.34, కొత్త ప్రాసెస్‌ను సృష్టించే క్లోన్3 కాల్‌ను వాడటం మొదలుపెట్టినప్పుడు, అప్పటి డాకర్ ఫిల్టర్ దానికి ఈనోసిస్‌కు బదులు ఈపెర్మ్ ఇచ్చేది. ఈనోసిస్ వస్తే పాత క్లోన్‌కు మళ్లవలసిన లైబ్రరీ, ఈపెర్మ్ చూసి నిజంగానే అనుమతి లేదనుకుని ఆగిపోయేది. తర్వాత ఫిల్టర్‌ను సవరించారు.

ప్రశ్నించినవారు: వాగువంక

ముగ్గురికీ ధన్యవాదాలు. యూజర్ నేమ్‌స్పేస్, ల్యాండ్‌లాక్‌లకు కాన్ఫిగ్ చూడటం మానేసి చైల్డ్ ప్రాసెస్‌లో పరీక్షించే పద్ధతికి మారుతున్నాము. మా 6.1 పరికరంలో ఏబీఐ 2 వచ్చింది. అయితే బీపీఎఫ్ దగ్గర చిక్కు ఉంది. మేము వాడే లిబ్‌బీపీఎఫ్ లైబ్రరీ తానే కెర్నల్ కాన్ఫిగ్‌ను చదువుతుంది, మా ప్రోగ్రామ్‌లో కాన్ఫిగ్_హెచ్‌జెడ్‌ను ఎక్స్‌టర్న్‌గా (లోడ్ సమయంలో బయటి నుంచి విలువ నింపే వేరియబుల్‌గా) ప్రకటించాము. పరికరంలో ఫైలు లేనందువల్ల లోడ్ కావడమే లేదు. లైబ్రరీయే కాన్ఫిగ్‌ను నమ్ముకుంటున్నప్పుడు మేము మాత్రం ఎందుకు నమ్మకూడదు?

జవాబు: నల్లమల_దారి

మంచి ప్రశ్న. హెచ్‌జెడ్ రెండు చోట్ల రెండు రకాలుగా అవసరమవుతోంది కాబట్టి విడదీసి చూద్దాం.

సీపీయూ సమయం లెక్కకు కాన్ఫిగ్_హెచ్‌జెడ్ వాడటం ఇప్పుడే ఆపండి. ప్రాక్‌లో ప్రతి ప్రాసెస్‌కు ఉండే స్టాట్ ఫైలులో యూజర్ సమయం, సిస్టమ్ సమయం క్లాక్ టిక్కులలో ఉంటాయి. ఆ టిక్కు కెర్నల్ లోపలి హెచ్‌జెడ్ కాదు, యూజర్_హెచ్‌జెడ్. 2.6 కాలంలో ఎక్స్86 మీద లోపలి హెచ్‌జెడ్‌ను 100 నుంచి 1000కి పెంచారు, 2.6.13లో దాన్ని ఎంచుకోదగిన ఆప్షన్‌గా మార్చి 250ను సాధారణ విలువ చేశారు. ఇన్ని మార్పులు జరిగినా బయట కనిపించే టిక్కు మాత్రం సెకనుకు 100గానే ఉండిపోయింది, ఎందుకంటే 100 అని రాసేసుకున్న ప్రోగ్రామ్‌లు అప్పటికే లెక్కలేనన్ని ఉన్నాయి. మీ సర్వర్ కెర్నల్‌లో హెచ్‌జెడ్ 250 అయితే, దానితో భాగించినప్పుడు మీ నివేదికల్లో సీపీయూ సమయం అసలు దానిలో రెండున్నర వంతుల్లో ఒక వంతే కనిపిస్తుంది. సిస్‌కాన్ఫ్ ఫంక్షన్‌ను ఎస్‌సీ_సీఎల్‌కే_టీసీకేతో పిలిచి వచ్చిన విలువనే వాడండి. దానికి ఏ ఫైలూ అక్కర్లేదు. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు కెర్నల్ స్టాక్ మీద పెట్టే ఆక్సిలరీ వెక్టర్‌లోనే ఆ సంఖ్య ఉంటుంది. పేజీ పరిమాణం సంగతీ అంతే. ఆర్మ్ 64 మీద అది 4, 16, 64 కిలోబైట్లలో ఏదైనా కావచ్చు. రెడ్ హ్యాట్ 8 ఆర్మ్ కెర్నల్ 64 వాడితే, 9లో 4కు మారారు. సిస్‌కాన్ఫ్‌ను అడిగిన ప్రోగ్రామ్‌కు ఈ మార్పు తెలియనే తెలియదు.

బీపీఎఫ్ పరిస్థితి వేరు. అక్కడ మీ కోడ్ కెర్నల్ లోపలే నడుస్తుంది, జిఫీలను (కెర్నల్ లోపలి టిక్కుల లెక్కను) తెచ్చిచ్చే హెల్పర్ ఫంక్షన్ లోపలి లెక్కనే ఇస్తుంది, కాబట్టి లోపలి హెచ్‌జెడ్ నిజంగానే కావాలి. యూజర్ ప్రోగ్రామ్‌కు కెర్నల్ కట్టుబడి చూపే ముఖం ఒకటి, లోపలి వాస్తవం మరొకటి. బీపీఎఫ్ రెండో దానితో వ్యవహరిస్తుంది. అందుకే లిబ్‌బీపీఎఫ్ ముందు బూట్ డైరెక్టరీలోని ఫైలును, అది లేకపోతే ప్రాక్‌లోని దాన్ని తెరిచి, మీరు ప్రకటించిన ఎక్స్‌టర్న్‌లకు విలువలు నింపుతుంది. రెండూ లేకపోతే లోడ్ విఫలమవుతుంది. ఆ ఎక్స్‌టర్న్‌ను వీక్ (లేకపోయినా ఫర్వాలేదు) అని ప్రకటించినా, ఫైలు ఉండి అందులో ఆ వరుస లేనప్పుడే సున్నా వస్తుంది; ఫైలే లేకపోతే వీక్ ఆదుకోదు. సున్నా వస్తే దాన్ని గుర్తించి జిఫీల బదులు నానోసెకన్ల గడియారం ఇచ్చే హెల్పర్‌తో పని జరుపుకునే కోడ్ రాసుకోవచ్చు. నిజానికి నెట్‌వర్క్ లెక్కలకు మొదటి నుంచీ ఆ గడియారమే సరిపోతుందేమో చూడండి. తప్పదనుకుంటే, ఆబ్జెక్ట్ తెరిచేటప్పుడు ఇచ్చే ఆప్షన్లలో కేకాన్ఫిగ్ అనే స్ట్రింగ్ ఫీల్డ్ ఉంది. అందులో కాన్ఫిగ్_హెచ్‌జెడ్=250 అని మీరే రాసి ఇస్తే, సిస్టమ్‌లో దొరికిన దానికంటే దానికే ప్రాధాన్యం. మీ పరికరం కెర్నల్ మీదే కాబట్టి బిల్డ్ సమయంలో ఆ ఒక్క వరుసను ఏజెంట్ ప్యాకేజీలో పెట్టుకుంటే ఐకేకాన్ఫిగ్_ప్రాక్ అవసరమే రాదు. ఖాతాదారుల కంటైనర్లలో అయితే హోస్ట్ బూట్ డైరెక్టరీని చదవడానికి మాత్రమే మౌంట్ చేయమని అడగాలి, లేదా నానోసెకన్ల గడియారం దారి.

బీపీఎఫ్‌కు కెర్నల్ నిర్మాణాల వివరాలు కూడా కావాలి కదా, వాటికి కాన్ఫిగ్ చాలదు. సిస్ కింద కెర్నల్/బీటీఎఫ్ డైరెక్టరీలో వీఎమ్‌లినక్స్ ఫైలు ఉందా అన్నదే చూడండి. ఉంటే కెర్నల్ తన రకాల వివరాలను తానే ఇస్తోందన్నమాట. కాన్ఫిగ్_డీబగ్_ఇన్ఫో_బీటీఎఫ్ అన్న వరుసను వెతకడం కంటే ఆ ఫైలును తెరవడం సూటి పని.

జవాబు: తుంగభద్ర_ఆనకట్ట

నేను ఫ్రీబీఎస్‌డీ మీద పని చేస్తాను. అక్కడి ఏర్పాటు ఈ చర్చకు పనికొస్తుందని రాస్తున్నాను. అక్కడ కూడా ఇన్‌క్లూడ్_కాన్ఫిగ్_ఫైల్ అనే ఆప్షన్‌తో కాన్ఫిగ్‌ను కెర్నల్‌లోనే ఇమిడ్చవచ్చు, కెర్న్.కాన్ఫ్‌టెక్స్ట్ అనే సిస్‌సీటీఎల్‌తో నడుస్తున్న కెర్నల్ నుంచి, కాన్ఫిగ్ ఆదేశానికి -ఎక్స్ ఇచ్చి ఇమేజ్ ఫైలు నుంచి చదవవచ్చు. అంతవరకు లినక్స్‌కు అన్నదమ్ముల వరసే. తేడా ఏమిటంటే, ప్రోగ్రామ్‌ల కోసం కెర్న్.ఫీచర్స్ అని వేరే ఒక చెట్టు ఉంది. కెర్నల్‌లోని ఒక ఉపవ్యవస్థ తన సోర్సులో ఫీచర్ అనే మాక్రోతో పేరు నమోదు చేసుకుంటే, ఆ పేరుతో అక్కడ ఒక ఆకు మొలుస్తుంది; ప్రోగ్రామ్ ఫీచర్_ప్రెజెంట్ అన్న లైబ్రరీ ఫంక్షన్‌ను ఆ పేరుతో పిలిచి ఉందో లేదో తెలుసుకుంటుంది. బిల్డ్ ఆప్షన్ పేరు రేపు మారినా, బయటికి చెప్పిన పేరు మారనవసరం లేదు. ఏది బయటికి చెప్పాలో నిర్ణయించేది ఆ కోడ్ రాసినవారే. అయితే అది కూడా ఉందో లేదో మాత్రమే చెబుతుంది. ఈ ప్రాసెస్‌కు అనుమతి ఉందా అన్నదానికి అక్కడా పిలిచి చూడటమే గతి.

లినక్స్ ఇటువంటి ఉమ్మడి చెట్టు కట్టలేదు. ల్యాండ్‌లాక్ తన వెర్షన్ సంఖ్యతో, ఐఓ_యూరింగ్ 5.6లో వచ్చిన తన ప్రోబ్ ఆపరేషన్‌తో, సెక్‌కాంప్ 4.14లో వచ్చిన తన ప్రశ్నతో, ఎవరి కిటికీ వారు తెరుచుకున్నారు. వాడేవారికి కాస్త తలనొప్పే, కానీ ప్రతి కిటికీ వెనకా దాన్ని చూసుకునేవాళ్లు ఉన్నారు. అందరికీ ఒకే కిటికీ అన్నట్టుగా సంఖ్యలతో సెట్టింగులు చదివే సిస్‌సీటీఎల్ సిస్టమ్ కాల్ ఒకప్పుడు లినక్స్‌లో ఉండేది. ఫైళ్ల రూపంలోని ప్రాక్/సిస్ ముందు దాన్ని వాడేవాళ్లు లేక 5.5లో తీసేశారు.

ప్రశ్నించినవారు: వాగువంక

బీపీఎఫ్ భాగంలో జిఫీలు తీసేసి నానోసెకన్ల గడియారానికి మార్చాము. కాన్ఫిగ్_హెచ్‌జెడ్ ఎక్స్‌టర్న్ పోయింది, పరికరంలో లోడ్ అవుతోంది. సీపీయూ సమయాన్ని సిస్‌కాన్ఫ్‌తో మళ్లీ లెక్కగట్టి, టాప్ చూపేదానితో సరిపోల్చాము, సరిపోయింది. పరికరం కెర్నల్‌లో ఐకేకాన్ఫిగ్ మాత్రం పెడుతున్నాము, ఐకేకాన్ఫిగ్_ప్రాక్ పెట్టడం లేదు; భద్రతా సమీక్షకులు దీనికి అంగీకరించారు. కోట_బురుజు గారు చెప్పినట్టు స్ట్రింగ్ విలువలు చదివితే, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ సోర్స్‌లో బిల్డ్ యంత్రం దారి ఉన్న మాట నిజమే. దాన్ని బిల్డ్ రెసిపీలో సాపేక్ష దారిగా మారుస్తున్నాము.

జవాబు: పినాకిని_ఒడ్డు

ఒక్క మాట. ఇన్‌స్టాలర్ విఫలమైనప్పుడు మీరు ఖాతాదారు నుంచి తెప్పించుకునే డయాగ్నస్టిక్ ఫైలులో, దొరికితే కాన్ఫిగ్‌ను, బూట్ లైనును, ఎల్‌ఎస్‌ఎమ్ జాబితాను, యూజర్ నేమ్‌స్పేస్ సిస్‌సీటీఎల్‌లను కూడా చేర్చించండి. నిర్ణయం మాత్రం పరీక్ష ఫలితాన్ని బట్టే తీసుకోండి. ఈఆప్‌నాట్‌సప్ వచ్చిందని ఖాతాదారు ఫోన్ చేసినప్పుడు, కాన్ఫిగ్_ఎల్‌ఎస్‌ఎమ్‌లో పేరు లేకపోవడం వల్లా, లేక బూట్ లైనులో ఎవరో తీసేయడం వల్లా అన్నది ఆ రెండు వరుసలు పక్కపక్కన ఉంటేనే తేలుతుంది.